గుడ్డ కింద ఎన్ని మూటలు

ఇందు రాసిన ఆటలో ప్రపంచం నాశనమై పదకొండేళ్ళయింది. కరెంటు లేదు, బస్సు లేదు, రూపాయి నోటు పొయ్యి రాజేసుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. మదనపల్లె నుంచి కుప్పం దాకా అంతా బూడిద. ఆ బూడిదలో బతికి బయటపడ్డ నలుగురు మనుషులు, కుప్పం అవతల కొండల్లో ఎక్కడో ఎండని ఊట ఒకటుందని విని నడిచి బయల్దేరతారు. దారిలో ఎక్కడ కుక్కల గుంపు తిరుగుతుందో, ఎవరు అన్నం పెట్టి గొంతు కోస్తారో, ఏ బావిలో నీళ్ళు తాగితే పోతారో, అన్నీ తొంభై పేజీల నోటుబుక్కులో గుండ్రటి అక్షరాలతో రాసి పెట్టుకుంది. ఆడడానికి కాగితం, పెన్సిలు, రెండు పాచికలు చాలు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు తలా ఒక మనిషైపోయి, ఆ మనిషి ఏం చేస్తాడో నోటితో చెబుతారు. చెప్పినదాన్ని బట్టి బతుకుతారు, లేదా చస్తారు.

ఇంత గొప్ప ఆటలో నాలుగు నెలలుగా ఒక్కరంటే ఒక్కరు చావలేదు. ఎందుకంటే ఒక్కరంటే ఒక్కరు మదనపల్లె దాటలేదు.

చిక్కంతా మూడో పేజీలో ఉంది. ఆట మొదట్లో ఎవరి దగ్గర ఏముంటుంది అన్నది ఆ పేజీ సంగతి. కథ నాలుగో పేజీలో మొదలవుతుంది. నాలుగో పేజీని ఇందు ఇంతవరకూ ఒక్కతే, తలుపేసుకుని, అద్దం ముందు నిలబడి చదువుకుంది. ఆ అద్దానికి తప్ప ఆ కథ ఇంకెవరికీ తెలియదు.

ఇందుది చౌడేపల్లె దగ్గర పల్లె. పుంగనూరులో ఒక పాల కేంద్రంలో ఉద్యోగం. పొద్దున్నే క్యాన్లు రాగానే పాలలో వెన్న శాతం ఎంతో చూసి రాయడం ఆమె పని. అమ్మానాన్నలు ఇద్దరూ కూలికి వెళ్ళినవాళ్ళు, నెల పుట్టగానే జీతం అనే మాట ఆ ఇంట్లో మొదట విన్నది ఇందు నోటనే. ఆ జీతం ఇంటికి. ఆదివారం మాత్రం ఇందుది. ఆ రోజు బస్సెక్కి మదనపల్లె వచ్చి, కిషోర్ వాళ్ళ టమాటా మండీ మీది గదిలో ముగ్గురు స్నేహితులను కూర్చోబెట్టుకుని ప్రపంచాన్ని ముంచేది.

మొదట పాచికలు వేయించింది. రెండు పాచికల మీద ఎంత పడితే అన్ని డబ్బాల తిండి. న్యాయంగానే ఉంది కదా అనుకుంది. మండీ యజమాని కొడుకు కిషోర్‌కు రెండు పడింది. రామసముద్రం నుంచి వచ్చి సచివాలయంలో ఉద్యోగం చేసే మునీశ్వరికి పన్నెండు పడింది.

"ఏమి ఇందూ ఇది? మా నాయన దినానికి రెండు లారీలు లోడు సేయిస్తాండాడు. నేను రెండు డబ్బాలు సంకలో పెట్టుకోని పోవల్లనా?" అన్నాడు కిషోర్.

"లోకమే మునిగిపోయినాది గదప్పా. మండీ యాడుండాది?"

"మండీ యాడికి పోతాది? గోడలన్నా ఉంటాయి గదా!"

ఆ గోడలు ఉంటాయా ఉండవా అన్నదాని మీద ఆ ఆదివారం గడిచిపోయింది. తరువాతి వారం ఇందు పాచికలు పక్కన పడేసి, ఎవరి వృత్తిని బట్టి వాళ్ళ ఆస్తి అంది. మునీశ్వరి చటుక్కున బోరు మెకానిక్కు తీసుకుంది. నీళ్ళు లేని లోకంలో బోరు దించేవాడికంటే దేవుడెవడని ఆమె వాదన. కిషోర్ టమాటా వ్యాపారే అయ్యాడు, ఇంకేమవుతాడు? తన దగ్గర నాలుగు వందల ప్లాస్టిక్ క్రేట్లు ఉన్నాయన్నాడు.

"క్రేట్లు తింటావా?" అంది మునీశ్వరి.

"ఇల్లు కట్టుకుంటా."

"కట్టుకో. దాహమైతే నా తావుకే రావల్ల."

"వస్తా. కూసోను క్రేటు లేక నువ్వు నిలబడే ఉంటావు, సూస్తా."

మూడోసారి అందరికీ సమానంగా పంచింది. తలా పది లీటర్ల నీళ్ళు, తలా ఒక కత్తి. ఎవరూ కొట్లాడలేదు. ఎవరూ ఆడనూ లేదు. గుడుపల్లెలో ఉంటూ కాలేజీలో లెక్కలు చెప్పే సాయిప్రసాద్ ఆవలించి, "ఇది ఆట కాదు ఇందూ, రేషను షాపు. వేలిముద్ర కూడా వేయల్లనా?" అన్నాడు. ముగ్గురూ టీకని కిందికి దిగి మళ్ళీ పైకి రాలేదు.

నాలుగోసారి చేసిన తప్పు మాత్రం మదనపల్లె చుట్టుపక్కల పుట్టినవాళ్ళు తప్ప ఇంకెవరూ చేయరు. రూపాయి చచ్చిపోయింది కాబట్టి వస్తువుల ధరలన్నీ టమాటాలలో రాసింది. మేకకు నలభై కిలోలు, కత్తికి ఎనిమిది, బిందెడు నీళ్ళకు ఇరవై. తలా వంద కిలోలు ఇస్తాను, కావలసినవి కొనుక్కోండి అంది. కిషోర్ జాబితా అంతా శ్రద్ధగా చదివి, "ఏ పొద్దు రేటు ప్రకారము?" అని అడిగాడు.

"ఏ పొద్దు ఏంది? రేటు ఉండదు. లోకం మునిగిపోయినాది."

"రేటు లేకుండా టమాటా యాడన్నా ఉంటాదా?" అని కిషోర్ నిజంగానే విస్తుపోయి కిందికి ఫోన్ చేశాడు. పొద్దుటికీ మధ్యాహ్నానికీ ధర సగానికి పడిందట. అయితే మేక నలభైకి రాదు, ఎనభై అన్నాడు. నేను పొద్దుటి ధరకే కొనేసినానని మునీశ్వరి మేకను గట్టిగా పట్టుకుంది. సాయిప్రసాద్ ల్యాప్‌టాప్ తెరిచి గడులు గీయడం మొదలుపెట్టాడు. చీకటి పడేసరికి ఊళ్ళో మేకలన్నీ కిషోర్ చేతిలో ఉన్నాయి, మిగతా ఇద్దరికీ మంచినీళ్ళు కూడా లేవు, మూడో పేజీ మూడో పేజీలాగే ఉంది. ఇందుకు ఏడుపొచ్చింది. ఆ పూట ఆమె నిజంగానే బస్సు కిటికీకి ముఖం ఆనించుకుని ఏడ్చింది.

ఏడుపుకు కారణముంది. వచ్చే ఆదివారం కుప్పంలో ఒక కాలేజీ హాల్లో సొంతంగా ఆటలు తయారు చేసినవాళ్ళంతా చేరుతున్నారని సాయిప్రసాద్ కబురు తెచ్చాడు. బెంగళూరులో ఆటలు అచ్చు వేసి పెట్టెల్లో పెట్టి అమ్మే రాజేశ్వరి అనే ఆవిడ వస్తుందట. ప్రతి బల్ల దగ్గరా కూర్చుని తానే ఆడి చూసి, ఒక ఆటను ఎంచుకుంటుందట. ఇందు పేరు కూడా ఇచ్చేశాడు. అచ్చయితే సంతోషమే. కానీ ఇందుకు అంతకంటే ముందు కావలసింది వేరే ఉంది. నలుగురు మనుషులు తన బూడిదలోకి అడుగుపెట్టాలి. నాలుగో పేజీలో ఏముందో అద్దం కాకుండా ఇంకొకరు వినాలి. ఆ ఆదివారం కూడా మూడో పేజీ దగ్గరే కొట్టుకుంటే నోటుబుక్కును అటక మీద పడేసి మళ్ళీ ముట్టుకోకూడదని ఒట్టు పెట్టుకుంది. పెట్టుకున్న ఒట్టు తప్పే మనిషి కాదు, అదే భయం.

సంత రోజున అమ్మ క్యారియర్ చేతికిచ్చి, తాతకు ఇచ్చి రమ్మంది. తాత బాలప్ప, అమ్మకు తండ్రి, పుంగనూరు సంతలో పశువుల దళారి. నలభై ఏళ్ళుగా ఎవరి ఆవునో ఎవరికో అమ్మిపెట్టడమే తప్ప సొంతానికి దూడ కూడా లేదు. ఆస్తల్లా నోరు, భుజం మీది తుండుగుడ్డ. ఇందు వెళ్ళేసరికి రామసముద్రం రైతు ఒకాయన పాడావును అమ్ముతున్నాడు, చౌడేపల్లె ఆయన కొంటున్నాడు, నడుమ తాత. తాత గుడ్డ తీసి అమ్మేవాడి చేతి మీద కప్పి, ఆ గుడ్డ కిందికి తన చెయ్యి పోనిచ్చాడు. వేళ్ళు పట్టుకుంటున్నారు, వదులుతున్నారు. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, రెండు పట్టుకుంటే రెండు. ముఖాలు మాత్రం ఇద్దరివీ ఎటో ఉన్నాయి, తమ చేతులతో తమకేమీ సంబంధం లేనట్టు. తరువాత కొనేవాడి చేతి మీద కప్పాడు. మళ్ళీ అదే తంతు. చివరికి తాత గుడ్డ దులిపి భుజం మీద వేసుకున్నాడు. ఆవు చేతులు మారింది. అమ్మినవాడూ మీసాల కింద నవ్వుకుంటూ వెళ్ళాడు, కొన్నవాడూ నవ్వుకుంటూ వెళ్ళాడు.

"ఎంతకు తెగింది తాతా?" అంది ఇందు.

"తెగింది."

"ఎంతకని అడగతాండాను."

"అమ్మినోనికి తెలుసు, కొన్నోనికి తెలుసు. నీకేలమ్మా?"

"సుట్టూ ఇంతమంది సూస్తాండారు గదా. ఎవురికీ తెలీకుండా గుడ్డ కప్పేది యాల?"

బాలప్ప మనవరాలి తెలివితక్కువతనానికి జాలిపడ్డాడు. "తెలిస్తే పక్కనోడు ఊరుకుంటాడా? వాని ఆవుకు అంతొచ్చె, నా ఆవుకు ఇంతేనా అని సంత సంతంతా కొట్లాడి సస్తారు. తెలీకుంటే, ఎవురి మటుకు వాడు నేనే గెలిస్తి అనుకోని ఇంటికి పోతాడు. గుడ్డ కింద సెప్పింది గుడ్డ కిందనే ఉండల్ల. అది పైకొచ్చిన దినం నా బేరం బంద్."

ఇందు చేతిలోంచి క్యారియర్ జారిపోయింది. సంగటి ముద్ద దొర్లుకుంటూ పోయి ఒక దూడ ముందు ఆగింది. దూడ ఆలోచించలేదు.

"నా కూడు!" అన్నాడు బాలప్ప.

ఇందు తాతను పట్టుకుని సంత నడిమధ్యలో గిరగిరా తిప్పింది. ఆకలితో ఉన్న డెబ్భై ఏళ్ళ మనిషిని అలా తిప్పడం తప్పే. దళారీలందరూ చూస్తున్నారని కూడా ఆమెకు పట్టలేదు. తాతకు రెండు ప్లేట్లు ఇడ్లీ కొనిపెట్టి, ఆ సాయంత్రమే మూడో పేజీ చింపి పారేసి కొత్త పేజీ అంటించింది. కథ నడిపేవాళ్ళు, ఆడేవాళ్ళు గుడ్డ కింద చేతులు కలపాలి. ఒక వేలికి ఒక మూట. మూటలో కాస్త తిండి, కాస్త నీళ్ళు, ఒక పనిముట్టు. రెండు మూటల దాకా ఊరికే వస్తాయి. ఆపైన ప్రతి మూటకూ ఆ మనిషికో కష్టం, కుంటికాలో రేచీకటో, చీటీ మీద రాసి మడిచి, అదీ గుడ్డ కిందనే చేతిలో పెట్టాలి. ఎవరికెన్ని అన్నది నోరు విప్పకూడదు. ఆడి చూసుకోవడానికి టైము లేదు. నేరుగా కుప్పమే.

తాత గుడ్డ అరువడిగితే ఇవ్వనన్నాడు. "నా గుడ్డ నా బుజం దిగి ఏ వూరికీ పోదు. నేనూ వస్తా," అని తెల్లచొక్కా వేసుకుని ఆదివారం పొద్దున్నే బస్టాండులో నిలబడ్డాడు. గుడ్డ ఉతికిద్దామంటే ఒప్పుకోలేదు. సంత వాసన పోతే చేతికి బేరం రాదట. మదనపల్లె నుంచి వచ్చిన బస్సులో కిషోర్, మునీశ్వరి అప్పటికే కూర్చుని ఉన్నారు, అప్పటికే వాదనలో ఉన్నారు.

"ఈసారి నాకేమిస్తాండావు ఇందూ?" అన్నాడు కిషోర్, ఇందు ఇంకా టికెట్టు కూడా తీసుకోకముందే.

"ముందు ఆయమ్మను కూసోనీప్పా. నువ్వు సచ్చేటప్పుడు కూడా ఏమిస్తారనే అడగతావు," అంది మునీశ్వరి.

పలమనేరు దాటేదాకా ఇద్దరూ ఆపలేదు. ఇందు ఒడిలో నోటుబుక్కు పెట్టుకుని, ముందు సీటు కమ్మీ గట్టిగా పట్టుకుని కూర్చుంది.

కుప్పంలో సాయిప్రసాద్ కలిశాడు. హాల్లో తొమ్మిది బల్లలు. నిర్వాహకురాలు మాలతి చేతిలో గంట పట్టుకుని, రాజేశ్వరి మేడం ప్రతి బల్ల దగ్గరా పదిహేను నిమిషాలే కూర్చుంటారని, గంట కొడితే లేచిపోతారని చెప్పింది. కాసేపటికి రాజేశ్వరి వచ్చింది. యాభై దాటిన మనిషి, పొట్టి జుట్టు, మెడలో తాడుకు వేలాడే కళ్ళజోడు. పుట్టింది కుప్పంలోనే కాబట్టి బెంగళూరు వెళ్ళినా యాస వెళ్ళలేదు.

"నాకు రూల్సు సెప్పొద్దు. ఆడించు," అని కుర్చీ లాక్కుంది.

ఇందు చెయ్యి చాచింది. తాత గుడ్డ తీసి ఆమె చేతి మీద కప్పాడు. అదే ధైర్యం. మొదట రాజేశ్వరి చెయ్యి లోపలికి వచ్చింది. ఆవిడకు చక్కిలిగింత ఎక్కువని ఎవరికి తెలుసు? మొదటి వేలు తగలగానే కిసుక్కుమంది, రెండో వేలికి కుర్చీలో మెలికలు తిరిగింది, మూడో వేలికి కళ్ళజోడు ఊడి ఒళ్ళో పడింది. కానీ అడగడం మాత్రం మానలేదు. "అడగమ్మా, సిగ్గుపడాకు," అని బాలప్ప వెనకనుంచి సంతలో అరిచినట్టే అరిచాడు. మునీశ్వరి చెయ్యి పెట్టి తీసినంతలో బేరం అయిపోయింది. సాయిప్రసాద్ పైకప్పు వంక చూస్తూ పెదాలు కదుపుతూ ఏవో లెక్కలు వేసుకుని మరీ వేలు నొక్కాడు. ఇక కిషోర్. మూడు తరాల మండీ రక్తం ఆ వేళ్ళలో ఉంది. పట్టాడు, వదిలాడు, మళ్ళీ పట్టాడు. ఇందు రెండంటే నెట్టేశాడు, మూడంటే గిల్లాడు. ఇచ్చిన చీటీలు చదవకుండానే జేబులో కుక్కుకుని, నుదుటి చెమట తుడుచుకుని, లోకంలో తనంత పేదవాడు లేనట్టు ముఖం పెట్టాడు.

"ఎన్ని?" అంది మునీశ్వరి.

"నీకేల?" అన్నాడు కిషోర్.

"నీకెన్ని?" అని సాయిప్రసాద్ మునీశ్వరిని అడిగాడు. ఆమె కూడా నీకేల అంది. అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని నవ్వారు. తాను మాత్రమే బాగుపడ్డానని ప్రతి ముఖంలోనూ రాసుంది. ఇందు ఎదురుచూసింది. పాచికల్లో మోసం అనలేదు ఎవరూ. క్రేట్ల మాట ఎత్తలేదు. మేక రేటు అడగలేదు.

"ఊ, తరువాత?" అన్నాడు కిషోర్.

ఇందు నాలుగో పేజీ తిప్పింది. అద్దం ముందు కంఠతా వచ్చిన మొదటి వాక్యం నోట్లోంచి రావడానికి మొరాయించింది. రెండుసార్లు దగ్గి, నీళ్ళు తాగి, చదివింది. మదనపల్లె పొలిమేరలో బూడిద మోకాళ్ళ దాకా ఉంది, దారి పక్కన ఒక ముసలావిడ చెయ్యి చాచి గుక్కెడు నీళ్ళు అడుగుతోంది, ఏం చేస్తారు?

ఏం చేస్తారు! అంత అబద్ధాలాడే బల్ల ఆ హాల్లో ఇంకొకటి లేదు. నా దగ్గరుండేది ఒక్క సీసా అవ్వా, అదీ ఓటిది, అని కిషోర్ ఏడుపు గొంతు పెట్టాడు. తన దగ్గర మందులున్నాయి గానీ నీళ్ళు లేవని సాయిప్రసాద్ బొంకాడు. మునీశ్వరి పెదవి విప్పలేదు. రాజేశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "రెండు దినాలుగా నాకే గొంతు తడవలేదు, మీలో ఎవురన్నా నాకు పోస్తే అవ్వకింత పోస్తా," అని ముగ్గురి దగ్గరా తలా గుక్కెడు దండుకుంది. ఇందుకు ఎవరి దగ్గర ఏముందో తెలుసు కాబట్టి నవ్వాపుకోలేక నోటుబుక్కు వెనక ముఖం దాచుకుంది. ఐదో పేజీ వచ్చింది. ఆరో పేజీ వచ్చింది.

గంట మోగింది. మాలతి వచ్చి నిలబడింది. రాజేశ్వరి కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కసారిగా అచ్చు వేసే ఆవిడైపోయింది.

"బాగుండాది. లేసేముందు ఒకటి సెప్పు. ఎవురికెన్ని ఇచ్చినావు? ఆట సరిసమానంగా ఉండాదా లేదా నేను సూడల్ల. సూడకుండా పెట్టెలో యెట్ల పెడతాను?"

బాలప్ప గుడ్డ గుండెలకు హత్తుకున్నాడు. కిషోర్ బిర్రబిగుసుకుపోయాడు. ఇందు నోటుబుక్కు మీద చెయ్యి ఆనించింది. చెబితే ఈ క్షణమే బల్ల మండీ అవుతుంది. చెప్పకపోతే ఆవిడ లేచిపోతుంది. నాలుగు నెలల తరువాత ఆరో పేజీ దాకా వచ్చిన మనుషులను మళ్ళీ మూడో పేజీకి ఈడ్చుకుపోవడం ఆమెకు ప్రాణం ఒప్పలేదు.

"సెప్పను మేడం," అంది. తన గొంతే తనకు కొత్తగా వినిపించింది. "గుడ్డ కింద ఇచ్చింది సెప్పగూడదు. కావాలంటే మీరే ఆడి కనుక్కోండి."

రాజేశ్వరి ఆమె వంక చూసింది. తరువాత మిగతా ముగ్గురి వంక అనుమానంగా, ఒక్కొక్కరినే చూసింది. "మాలతీ, పక్క బల్లోళ్ళను టీ తాగమను," అని కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది.

పుంగనూరు దగ్గర, తొమ్మిదో పేజీలో, కుక్కలు తరిమాయి. ఎదురుగా వంక, తాగడానికి పనికిరాని బూడిద నీళ్ళతో వాగులా పొంగుతోంది. దాటడానికి అడ్డంగా ఒకే ఒక తాటిమొద్దు ఉంది, అదీ పుచ్చింది. మనిషినీ రెండు మూటలనూ మోస్తుంది, అంతకుమించి మోయదు.

"నావి రెండే," అని మునీశ్వరి నిబ్బరంగా దాటేసింది. సాయిప్రసాద్ నిట్టూర్చి, నీళ్ళలో ఒక మూట విసిరేశాడు. మందులవాడికి మూడున్నాయన్నమాట! బల్లంతా హోరెత్తింది. రాజేశ్వరి అయితే సిగ్గన్నది లేకుండా రెండు విసిరేసింది.

"నాలుగా! నాలుగు పెట్టుకోని నా నీళ్ళు తాగినావా మేడం?" అని మునీశ్వరి బల్ల గుద్దింది.

"గుక్కెడే గదమ్మా," అంది రాజేశ్వరి.

ఇక కిషోర్. కుక్కలు వెనకే ఉన్నాయి. మొదటినుంచీ ఓటి సీసా ఒక్కటే అని ఏడ్చినవాడు ఇప్పుడు అందరి ముందూ ఎన్ని విసరాలి? చెవులు ఎర్రబడ్డాయి. గుడ్డ వంక చూశాడు, మునీశ్వరి వంక చూశాడు.

"నావీ రెండే," అన్నాడు.

"కిషోర్, నిజంగానా?" అంది ఇందు మెల్లగా. అంతకంటే ఏమీ అనకూడదు ఆమె.

"రెండే అంటి గదా. దాటతాండాను."

ఇందు కళ్ళు మూసుకుంది. "మొద్దు విరిగింది."

"యాల విరిగింది? రెండే గదా?" అన్నాడు సాయిప్రసాద్. అని ఆగిపోయాడు. లెక్కల మేష్టరు కదా, బల్ల మీద అందరికంటే ముందు అర్థమైంది. తరువాత రాజేశ్వరికి, తరువాత మునీశ్వరికి. ముగ్గురి తలలూ కిషోర్ వైపు తిరిగాయి. కిషోర్ జేబులోంచి ఇందాక చదవకుండా కుక్కుకున్న మూడు చీటీలు బయటికి తీశాడు. మొదటిది విప్పాడు, రెండోది విప్పాడు, మూడోది విప్పి చాలాసేపు చూశాడు.

"ఈత రాదు," అని చదివాడు.

మునీశ్వరి నవ్విన నవ్వుకు పక్క బల్లలవాళ్ళు లేచి వచ్చారు. ఐదు మూటలు! ఐదు మూటలతో మునిగిపోయాడు, మూడు విసిరితే బయటపడేవాడు!

"నేను సచ్చిపోయినానా?" అన్నాడు కిషోర్.

"అవునప్పా!" అని ఇందు కుర్చీలోంచి ఎగిరి లేచింది. "సచ్చిపోయినావు! నిజంగా సచ్చిపోయినావు!" రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి, నోరు నవ్వుతోంది. తన బూడిదలో ఒక మనిషి నడిచాడు, అబద్ధాలాడాడు, పరువు కోసం ప్రాణం పోగొట్టుకున్నాడు. తాను తలుపేసుకుని రాసుకున్న వంకలో ఒక మనిషి నిజంగా మునిగాడు. ఇంత ఆనందం ఆమెకు మొదటి నెల జీతం అందుకున్నప్పుడు కూడా కలగలేదు. ఒకడి చావుకు ఇంతగా మురిసిపోయే పిల్లను బాలప్ప తన జన్మలో చూడలేదు, గుడ్డతో ఆమె కళ్ళు తుడుద్దామని చూసి, సంత వాసన గుర్తొచ్చి మానుకున్నాడు.

చావు రాసుకోవాలి కదా అని ఇందు కిషోర్ ముందున్న కాగితం తీసుకుంది. పెన్సిలు పెట్టబోయి ఆగింది. కాగితం మీద మొట్టమొదటి గీతలో, పేరు అన్నచోట, ఏమీ లేదు. మునీశ్వరి కాగితం చూసింది. అక్కడా లేదు. సాయిప్రసాద్‌దీ ఖాళీనే, రాజేశ్వరిదీ ఖాళీనే. నాలుగు నెలలుగా డబ్బాలు, క్రేట్లు, మేకలు, మూటలు అని కొట్టుకున్నారే గానీ, ఆ బూడిదలో నడిచేవాడు ఎవడో ఒక్కరికీ తోచలేదు. అడగడం ఇందుకూ తోచలేదు.

కిషోర్ ఆ ఖాళీ గీతను చూశాడు. నవ్వుతున్నవాడు నవ్వడం మానేశాడు.

"ఎన్ని మూటలని అడిగితినే గానీ, వాడెవుడో అడగలేదు," అన్నాడు. "పేరన్నా లేకుండా పోయినాడు గదా, పాపం."

"ఇప్పుడు పెట్టు," అంది ఇందు.

"బాలప్ప అని రాయి."

"ఓరప్పా, నేనింకా ఈడే ఉండాను!" అని బాలప్ప వెనకనుంచి గుడ్డ విదిలించాడు.

కిషోర్‌కు ఒక మనిషి గుర్తొచ్చాడు. వాళ్ళ మండీలో ఒక్క ఎత్తుకు ఐదు క్రేట్లు భుజానికెత్తుకునే హమాలీ ఒకాయన ఉన్నాడు. చిన్నప్పటినుంచీ రోజూ చూస్తున్నా, ఆయన పేరేమిటని కిషోర్ ఇంతవరకూ ఎవరినీ అడగలేదు. ఫోన్ తీసి కిందటిసారి రేటు అడిగిన నంబరుకే చేశాడు. ఈసారి రేటు అడగలేదు. విని, పెట్టేసి, "నరసింహులు," అన్నాడు. ఇందు రాసింది.

మాలతి మళ్ళీ గంట పట్టుకుని వచ్చింది. ఎనిమిది బల్లలవాళ్ళు టీ తాగి తాగి అలిసిపోయారంది.

"ఉండవే తల్లీ, నాకింకా పేరే లేదు," అంది రాజేశ్వరి, పెన్సిలు కొరుకుతూ. "అచ్చు సంగతి సాయంత్రం కూసోని మాట్లాడదాం ఇందూ. ముందు నన్ను ఈ వంక గట్టు మీదనుంచి కదిలించు." మునీశ్వరి, సాయిప్రసాద్ కాగితాల మీద పడి గబగబా రాస్తున్నారు, కొట్టేస్తున్నారు, ఒకరి పేరు ఒకరికి చూపించుకుని నవ్వుకుంటున్నారు.

చచ్చిపోయినవాడికి బల్ల దగ్గర పని లేదు, కిషోర్ లేచి వెళ్ళొచ్చు. వెళ్ళలేదు. కుర్చీ ముందుకు జరుపుకుని, రెండు మోచేతులూ బల్ల మీద ఆనించి కూర్చున్నాడు.

"నాకేమీ వద్దు ఇందూ," అన్నాడు. "తరువాత ఏమాయనో సదువు."

ఇందు పదో పేజీ తిప్పింది.